వాగు ఎటు పారుతోంది?

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ పోయే రైలు చిన్లీ దాటాక కౌబర్న్ సొరంగంలో దూరుతుంది. మూడు కిలోమీటర్ల పైచిలుకు చీకటి. బయటపడేసరికి అంతవరకూ కిటికీ పక్కన పరిగెత్తిన ఎర్రిటుక ఇళ్లు, గోదాములు, కార్ల వరసలు ఏవీ ఉండవు. రెండు పక్కలా పచ్చటి వాలు. ఆ వాలు మీద సున్నమూ సిమెంటూ లేకుండా పేర్చిన రాతిగోడలు. గోడల మధ్య తల్లుల వెనకాల గెంతే గొర్రెపిల్లలు. అన్నిటికీ పైన, ఆకాశానికి అడ్డంగా, బల్లపరుపుగా ఒక గోధుమరంగు కొండ. ఊరు ఈడేల్. కొండ కిండర్ స్కౌట్.

ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌లో అన్నిటికన్నా ఎత్తైనది ఇదే. ఎత్తంటే 636 మీటర్లు. తిరుమల ఊరు ఇంతకన్నా పైనే ఉంటుంది. మాంచెస్టర్‌లో డాక్టరుగా పనిచేస్తున్న మా చెల్లెలి కొడుకు ఫోటో చూపించి "ఇది ఎక్కుదాం పెద్దమ్మా" అన్నప్పుడు, ఇందులో ఎక్కడానికి ఏముందిరా అన్నాను. "ఎక్కడం సులువే. పైకి పోయాక దారి ఉండదు, అదీ సంగతి" అన్నాడు.

నేనెరిగిన కొండలన్నీ దారి ఉన్నవే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మెట్లపైన కప్పు, మధ్యమధ్య మంచినీళ్లు, ముందు వెళ్లేవాళ్ల గోవింద నామాలు. తప్పిపోదామన్నా వీలుండదు. అహోబిలంలోనో భువనగిరి కోట మీదో కాస్త అనుమానం వస్తే మేకలు కాసే పిల్లాణ్ణి అడుగుతాం. మనకు దారి అంటే మనుషులు. అడిగితే చెబుతారు, అడక్కపోయినా చెబుతారు, తెలియకపోయినా చెబుతారు. పైగా కొండెక్కాలంటే పైన దేవుడుండాలి, కనీసం కోటైనా ఉండాలి. ఊరికే నడవడానికి కొండ మీదికి పోతున్నానంటే మా అమ్మ "ఏం పోయేకాలం" అని ఉండేది.

ఇక్కడి జనం ఊరికే నడవడానికే పోతారు. ఈడేల్ స్టేషన్లో మాతోపాటు దిగినవాళ్లలో కాళ్లకు బూట్లు, వీపుకు సంచి లేనివాళ్లు అరుదు. డెబ్భై దాటిన దంపతులు, కాలేజీ పిల్లలు, పసిబిడ్డను వీపున కట్టుకున్న తండ్రి, వీళ్లందరికంటే హుషారుగా నాలుగు కుక్కలు. ఎవరి ముఖంలోనూ మొక్కు తీర్చుకునే దీక్ష లేదు. సాయంత్రానికి కాళ్లు నొప్పెట్టాలి, అంతే వాళ్ల కోరిక.

నేరుగా కిండర్ మీదికి మమ్మల్ని పోనివ్వలేదు. మాకూ, మాతో చేరిన మరికొందరు కొత్తవాళ్లకూ మ్యాపు, దిక్సూచి పట్టుకోవడం నేర్పడానికి ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, కొండల మీద జనాన్ని నడిపించడానికి అక్కడిచ్చే అర్హతపత్రం ఉన్నావిడ. నేను మనసులో టీచరమ్మ అనే పిలుచుకున్నాను. కొత్తవాళ్లు మొదట నడవాల్సింది దారి తప్పడం కష్టమైన కొండ మీద అని ఆవిడ సిద్ధాంతం. అందుకని లోయకు అవతలి పక్కనున్న మామ్ టోర్‌కు తీసుకుపోయింది.

మామ్ టోర్ 517 మీటర్లు. అక్కణ్ణుంచి లూజ్ హిల్ దాకా కొండల వెన్ను ఒకటి సాగిపోతుంది. వెన్ను మీద రాళ్లు పరిచిన బాట. ఎడమ పక్క చూస్తే ఈడేల్ లోయ, అందులో రైలు పట్టాలు. కుడి పక్క చూస్తే కాసిల్టన్ ఊరు, దూరాన సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం. రెండు పక్కలా నేల కిందికి పోతుంది కాబట్టి ఎక్కడున్నామో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. మామ్ టోర్ తూర్పు ముఖం మాత్రం సగానికి కోసినట్టు ఊడిపోయి ఉంది. ఇసుకరాయి కింద మెత్తటి పలకరాయి, దానిలోకి నీళ్లు దిగి కొండ ఇప్పటికీ జారుతూనే ఉంటుంది. దాని కింద నుంచి పోయే రోడ్డును ఎన్నిసార్లు బాగుచేసినా నిలవక 1979లో వదిలేశారు. నడిమి తెల్లగీతలు అలాగే ఉన్న తారు రోడ్డు మెట్లుమెట్లుగా విరిగి కిందపడి ఉంది. ఆర్ అండ్ బీ వాళ్లూ కాంట్రాక్టర్లూ లేకపోయినా రోడ్లు ఇలా పోతాయని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

హాలిన్స్ క్రాస్ అనే కనుమ దగ్గర ఆగాం. ఈడేల్‌లో చర్చి లేని రోజుల్లో శవపేటికలను ఈ కనుమ మీదుగానే అవతలి లోయకు మోసేవారట. అక్కడ రాతిబల్ల మీద ఆర్డినెన్స్ సర్వే వారి మ్యాపు పరిచింది టీచరమ్మ. నాలుగు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ప్రతి గోడా, ప్రతి వాగూ, ఒంటరి పాకా అందులో ఉన్నాయి.

మొదటి పాఠం మ్యాపును తిప్పి పట్టుకోవడం. అక్షరాలు తలకిందులైనా సరే, కాగితం మీది లోయ నేల మీది లోయ వైపే ఉండాలి. అలా తిప్పి, మనమున్న చోట బొటనవేలు పెట్టి, కదిలినకొద్దీ వేలూ కదపాలి. ఇంత చిన్న పనితోనే సగం చిక్కు విడిపోయింది. కుడి అంటే కుడే, ఎడమ అంటే ఎడమే.

తరువాత గళ్లు. మ్యాపంతా కిలోమీటరు గళ్లు. ఏ చోటునైనా రెండక్షరాలు, ఆరు అంకెలతో చెప్పొచ్చు. మామ్ టోర్ కొన ఎస్‌కె 127 836. మొదటి మూడంకెలు అడ్డంగా, తరువాతి మూడు నిలువుగా. "ముందు వరండాలో నడువు, తరువాత మెట్లెక్కు" అని అక్కడి స్కూలు పిల్లలకు నేర్పుతారు. ఈ ఆరంకెలు చెబితే నూరు మీటర్ల గడిలోకి మనిషిని పంపించవచ్చు. వేపచెట్టు దాటాక ఎడమకు తిరిగి, కిరాణా కొట్టు పక్క సందులో అని చెప్పే అలవాటున్న నాకు ఇది మరీ పొడిగా తోచింది. కానీ వేపచెట్టూ కిరాణా కొట్టూ లేనిచోట ఏం చెబుతాం?

ఆకుపచ్చ గీతల సంగతి మరీ నచ్చింది. ఈ మ్యాపులో ఆకుపచ్చ చుక్కగీత ఉంటే అక్కడ నడిచే హక్కు జనానికి చట్టప్రకారం ఉందని అర్థం. నల్ల చుక్కగీత ఉంటే నేల మీద బాట కనిపిస్తుందని మాత్రమే. కాబట్టి హక్కు ఉండి బాట లేని చోట్లున్నాయి, బాట ఉండి హక్కు లేని చోట్లున్నాయి. హక్కున్న దారి ఒక రైతు పొలం మధ్య నుంచి, ఇంటి వాకిట్లోంచి పోయినా ఆయన కాదనడానికి లేదు. మనం గేటు ఎలా ఉందో అలాగే ఉంచి పోవాలి, ఆయన మనల్ని పోనివ్వాలి. ఒక రైతు తన ట్రాక్టరు ఆపి మేం గోడ మీది చెక్కమెట్లు దిగేదాకా ఆగి, చెయ్యూపి వెళ్లిపోయాడు. మన దగ్గర గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఇళ్లు నాకు బాగా తెలుసు. ఆ చెయ్యూపడం చాలాసేపు గుర్తుండిపోయింది.

కాంటూరు గీతలు స్కూల్లో సమోన్నత రేఖలని బట్టీపట్టినవే. గీతలు దగ్గరైతే ఏటవాలు, దూరమైతే చదును. పుస్తకంలో చదివింది కాళ్లకు తెలియాలంటే నాలుగైదు గీతలు దాటి ఆయాసపడాలి. ఆ గీతల మీది అంకెలను తల పైవాలు వైపు ఉండేట్టే అచ్చువేస్తారని ఆవిడ చూపించింది. అంకె నిటారుగా కనిపిస్తే మన చూపు ఎగువకు. ఈ గీతలకూ ఒక కథ ఉంది. 1774లో స్కాట్లండ్‌లోని షీహాలియన్ కొండను అడ్డుపెట్టుకుని భూమి బరువు తేల్చడానికి నెవిల్ మాస్కెలిన్ కొలతలు తీశాడు. గుట్టలుగా పడిన ఆ అంకెలను లెక్కగట్టే పని చార్లెస్ హట్టన్‌కు వచ్చింది. సమానమైన ఎత్తున్న చుక్కలన్నిటినీ కలుపుతూ గీతలు గీస్తే కొండ ఆకారం కంటికి కనబడుతుందని ఆయన గమనించాడు. భూమిని తూచబోతే కొండ మ్యాపులోకి వచ్చింది.

దారిలో ఎదురైన ప్రతి ఒక్కరూ పలకరించారు. ఎండ బాగుందనో, గాలి ఎక్కువగా ఉందనో, కనీసం ఒక చిరునవ్వో. మాంచెస్టర్ ట్రాములో మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు వీళ్లే. మా ఊళ్లో అంతా దీనికి తలకిందులుగా ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్న పాపానికి పిల్లల పెళ్లిళ్ల దాకా అడుగుతాం, కొండ మెట్లమీద మాత్రం ఆయాసంలో ఎవరినీ చూడం.

ఆ సాయంత్రం ఈడేల్‌లోని ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పాత సత్రంలో చేరాం. పెన్నైన్ వే అని స్కాట్లండ్‌లోని కర్క్ యెత్‌హోమ్ దాకా పోయే 431 కిలోమీటర్ల కాలిబాట దీని గుమ్మం దగ్గరే మొదలవుతుంది. బురద బూట్లతో లోపలికి వచ్చినా ఎవరూ కనుబొమ్మలెత్తలేదు. శాకాహారికి దొరికింది పొట్టుతో కాల్చిన పెద్ద ఆలుగడ్డ, దాని మీద తియ్యటి టమాటా రసంలో ఉడికిన చిక్కుడుగింజలు. నా సంచిలోంచి కరివేపాకు కారప్పొడి తీస్తే పక్కబల్ల ముసలాయన అడిగి మరీ చిటికెడు వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినా "బాగుంది" అని మర్యాద నిలబెట్టుకున్నాడు.

భోజనం బల్ల మీదే మర్నాటి లెక్క. ఈడేల్ నుంచి కిండర్ లో అనే చోటికి ఆరు కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కాల్సింది సుమారు 400 మీటర్లు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడతారు. ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ లెక్కన రెండు గంటలకు కాస్త తక్కువ. "ఆయన స్కాట్లండ్ కుర్రాడు, మీరు కాదు" అని టీచరమ్మ అందులో సగం కలిపింది. ప్రతి ముక్కకూ మూడు ప్రశ్నలు రాయించింది. దారిలో వరసగా ఏమేం కనబడాలి? ఎంతసేపు పట్టాలి? దాటిపోయామని ఏది చూస్తే తెలుస్తుంది? మూడోది నాకు కొత్త. మామూలుగా మనం వచ్చామా లేదా అనే ఆలోచిస్తాం. ఎక్కువ వచ్చేశామని చెప్పే గుర్తును ముందే ఎంచుకోవడం ఆలోచించవలసిన పద్ధతి, కొండకే కాదు.

సంచిలో వాన కోటు, ఉన్ని టోపీ, టార్చి, విజిల్, తిండి. జీన్సు ప్యాంట్లు వద్దంది, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. మే నెలాఖరులో ఉన్ని టోపీ ఏమిటని నవ్వుకున్నవాళ్లం పైన ఆ టోపీ చెవుల దాకా లాక్కున్నాం. ప్రతి నూటయాభై మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున చలి పెరుగుతుంది, దానిపైన గాలి.

మర్నాడు అప్పర్ బూత్ పాకలు దాటి, వాగు మీది చిన్న రాతివంతెన ఎక్కి, జేకబ్స్ లాడర్ అనే రాతిమెట్ల మొదటికి చేరాం. ఒకప్పుడు గుర్రాల మీద సరుకులు మోసే బాట ఇది. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లకు మోకాళ్ల పర్వతం జ్ఞాపకం వచ్చింది. దిగేవాళ్లు పక్కకు ఒదిగి ఎక్కేవాళ్లకు దారిచ్చారు. కోకిల కూసింది, నిజంగా కోకిలే, కానీ మన కోకిల గొంతు కాదు. పైకి పోయినకొద్దీ చెట్లు పోయాయి, పచ్చిక పోయింది, తెల్లటి దూది కుచ్చులు తలమీద పెట్టుకున్న గడ్డి మిగిలింది.

కిండర్ లో దగ్గర ఒక బండ మీద తెల్లరంగు వేసిన సిమెంటు స్తంభం నిలబడి ఉంది. 633 మీటర్లు. 1936లో బ్రిటన్‌ను మళ్లీ త్రిభుజాలుగా కొలవడం మొదలుపెట్టినప్పుడు దేశమంతటా ఆరువేలకు పైగా ఇలాంటి స్తంభాలు కట్టారు. ఒకదాని నుంచి ఇంకో రెండు కనబడాలి, కోణాలు కొలవాలి. ఆ పద్ధతి మన నేలకు అంతకుముందే బాగా తెలుసు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టాడు. 1811లో గుత్తి దగ్గర మరో రేఖ కొలిచారు. అనంతపురం ఎండలో గొలుసులు లాగిన కూలీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ కొలతలన్నీ సైన్యానికీ శిస్తుకూ పనికొచ్చాయి. ఇక్కడ అదే విద్యతో చేసిన మ్యాపును నా పక్కనున్న రిటైరైన బస్సు డ్రైవరు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడకు తగిలించుకున్నాడు.

కిండర్ పైభాగం శిఖరం కాదు. అట్లపెనంలా చదును. దాని మీద మీటర్ల మందాన పీట్ అనే నల్లటి మెత్తటి నేల, వేల ఏళ్లుగా కుళ్లకుండా పేరుకున్న నాచు. ఆ నల్లనేలను వాన కోసికోసి తలెత్తితే ఆకాశం తప్ప ఏమీ కనబడనంత లోతు కాలవలు చేసింది. ఒకటి దిగి ఎక్కితే ఇంకొకటి. అన్నీ ఒకేలా ఉంటాయి. మేం చేరిన కాసేపటికే పడమటి నుంచి మబ్బు వచ్చి కూర్చుంది. స్తంభం ఇరవై అడుగుల దూరంలో మాయమైంది.

టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు మొదలు" అంది.

పశ్చిమ అంచు వెంబడి చక్కటి బాట ఉంది, అది పట్టుకుంటే కిండర్ డౌన్‌ఫాల్ జలపాతానికి పోవచ్చు. నేర్పడం కోసం ఆ బాట వదిలి, పీట్ మధ్యగా ఈశాన్యానికి పోయి కిండర్ నదిని పట్టుకోవాలంది. దిక్సూచి అడుగుపలక అంచును మ్యాపు మీద ఉన్నచోటి నుంచి పోవలసిన చోటికి కలిపి, గుండ్రటి డయలును దానిలోని గీతలు మ్యాపు నిలువుగీతలకు సరిపోయేదాకా తిప్పి, తరువాత మ్యాపు మడిచేసి, ఎర్ర ముల్లు తన గీతల మధ్యకు వచ్చేదాకా మనిషే తిరగాలి. అప్పుడు ముక్కు ఎటుంటే అటు నడక. సెల్‌ఫోను దగ్గరుంటే ముల్లు అబద్ధం చెబుతుంది. మ్యాపు ఉత్తరానికీ ముల్లు ఉత్తరానికీ మధ్య తేడా సరిచూసుకోవడం పెద్ద తతంగం, కానీ ఈ కాలంలో బ్రిటన్ కొండల మీద నడిచేవాళ్లకు అది దాదాపు మాఫీ అయింది. అయస్కాంత ఉత్తరం జరుగుతూ జరుగుతూ వచ్చి, 2022 నవంబరులో డార్సెట్ తీరంలోని లాంగ్టన్ మాట్రావర్స్ దగ్గర నిజమైన ఉత్తరం, మ్యాపు ఉత్తరం రెండింటితోనూ కలిసింది. ఆ కలయిక అక్కణ్ణుంచి దేశం మీదుగా పైకి పాకింది. పీక్ డిస్ట్రిక్ట్‌లో తేడా ఇప్పుడు ఒక డిగ్రీ కూడా ఉండదు.

దూరం అడుగులతో కొలిచాం. చదునునేల మీద నూరు మీటర్లకు కుడికాలు అరవై అయిదు సార్లు పడితే, ఈ కాలవల్లో దిగి ఎక్కేసరికి ఎనభై దాటుతుంది. లెక్క పెడుతూ నడవడం జపంలా మొదలై, కాసేపటికి నిజంగా జపమే అయింది. మాట్లాడటం ఆగిపోయింది. మబ్బులో ఎక్కడో ఎర్ర గ్రౌస్ పక్షి గొంతు చించుకుంది.

కొంతసేపటికి ఒక వాగు తగిలింది. మాలో లీడ్స్ నుంచి వచ్చిన కుర్రాడు ఉత్సాహంగా "ఇదే కిండర్ నది" అన్నాడు. మ్యాపులో చూపించాడు కూడా. వంపు సరిపోయింది, పక్కన బండలు సరిపోయాయి, అడుగుల లెక్క దాదాపు సరిపోయింది. అందరం తలలూపాం. టీచరమ్మ ఒక్క మాట అడిగింది. "వాగు ఎటు పారుతోంది?"

కుడికి పారుతోంది. కిండర్ నది ఎడమకు, పడమరకు పారాలి. మేం నిలబడ్డది క్రౌడెన్ బ్రూక్ పుట్టే చోట, అనుకున్నదానికంటే కుడివైపు. ఒక్కొక్క కాలవ దిగినప్పుడూ ఎక్కడానికి సులువైన పక్కకే ఒరుగుతూ వచ్చాం. ఆ నీళ్లు ఈడేల్ లోయలోకి దిగి డెర్వెంట్‌లో, ట్రెంట్‌లో కలిసి తూర్పున ఉత్తర సముద్రానికి పోతాయి. మేం వెతుకుతున్న నీళ్లు మెర్సీ నదిలో కలిసి పడమటి సముద్రానికి పోతాయి. కొన్ని వందల మీటర్ల తేడాలో రెండు సముద్రాలు. మన కృష్ణమ్మ పడమటి సముద్రానికి అరవై డెబ్భై కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా అటు చూడకుండా హంసలదీవి దాకా నడిచి వస్తుంది. ఎక్కడైనా నీళ్లకు మొహమాటం లేదు, వాలు ఎటుంటే అటే.

ఆ కుర్రాడి మీద నాకు జాలి కలగలేదు, గౌరవం కలిగింది. మేమందరం లోపల అనుకున్నది అతను పైకి అన్నాడు. చలిగా ఉంది, ఆకలిగా ఉంది, నది రావాలి, అందుకని వచ్చింది. కొత్తగా కొండ నడిచేవాడికి పెద్ద ప్రమాదం మ్యాపు రాకపోవడం కాదు. మనసులో కోరిక పెట్టుకుని, నేల మీద ఉన్నవాటిలోంచి దానికి సాక్ష్యాలు ఏరుకోవడం. వంపు సరిపోతే సంబరపడతాం, పారే దిక్కు చూడం. సరిపోయేవి పది చూపించవచ్చు, సరిపోనిది ఒక్కటి ఉంటే అదే నిజం. ఈ పాఠానికి దిక్సూచి కూడా అక్కర్లేదు. మన ఊళ్లో దారి తెలియకపోతే మనిషిని అడుగుతాం. ఇక్కడ నేలను అడగాలి, పైగా మనకు ఇష్టంలేని జవాబు వచ్చే ప్రశ్నే ముందు అడగాలి.

వాయవ్యానికి తిరిగి, ఎడమకు పారే నీళ్లు దొరికేదాకా నడిచాం. దొరికాక ఇక భయం లేదు. నదిని పట్టుకుని దిగువకు పోతే అదే జలపాతానికి చేరుస్తుంది. మబ్బు కూడా అప్పుడే విడింది. మా పని అయ్యేదాకా ఆగినట్టు.

కిండర్ డౌన్‌ఫాల్ ముప్ఫై మీటర్ల జలపాతం. పడమటి గాలి గట్టిగా వీచినప్పుడు నీళ్లు కింద పడకుండా పైకి ఎగజిమ్ముతాయి. మేం వెళ్లిననాడు సగం పడుతూ సగం ఎగురుతూ, కూర్చున్నవాళ్ల ముఖాల మీద చిలకరిస్తూ ఉంది. బండల చాటున డబ్బా తెరిస్తే పులిహోర. చల్లబడి గట్టిపడినా ఇంగువ వాసన గాలిలో పోయింది. బస్సు డ్రైవరు తన ఓట్స్, బెల్లంపాకంలాంటి సిరప్ కలిపి చేసిన పట్టీ ముక్క ఇచ్చి, పులిహోర తీసుకున్నాడు. లాభం ఆయనకే.

పెన్నైన్ వే మీద చాలాచోట్ల పెద్దపెద్ద రాతిపలకలు పరిచారు. జనం నడకకు పీట్ కొట్టుకుపోకుండా. ఆ పలకలు లాంకషైర్‌లో మూతబడి కూల్చేసిన నూలు మిల్లుల నేలలవి. ఈ కొండ నల్లగా బోసిపోవడానికి కూడా ఆ మిల్లుల పొగ ఒక కారణం, ఆ మసి పీట్‌ను కాపాడే నాచును చంపేసింది. ఇప్పుడు ఆ నాచు మొలకలను మళ్లీ చేతులతో నాటుతున్నారు. మన మగ్గాలను మూయించిన బట్ట నేసినవి ఇవే మిల్లులు. 1931లో గాంధీ లాంకషైర్ వచ్చి పనులు పోయిన మిల్లు కార్మికుల మధ్య తిరిగాడు. చీరాల, పోచంపల్లి గుర్తొచ్చే మనిషికి ఆ పలకల మీద కాలు పెడితే కొంచెం తేడాగా ఉంటుంది. కోపం రాలేదు. అరిగిన రాయి అది, ఎవరి పాదాలు అరగదీశాయో తెలియదు.

అంచు వెంబడి నడిచి, విలియం క్లఫ్ అనే లోయలోంచి పడమర పక్క హేఫీల్డ్ ఊరికి దిగాం. ఊరి బయట బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర పాత రాతిక్వారీ గోడకు ఒక ఫలకం ఉంది. 1932 ఏప్రిల్ 24న ఇక్కడి నుంచే సుమారు నాలుగు వందల మంది కిండర్ మీదికి బయల్దేరారు. చాలామంది మాంచెస్టర్ పని కుర్రాళ్లు, ముందు నిలిచిన బెన్నీ రోత్‌మన్‌కు ఇరవై ఏళ్లు. అప్పట్లో ఈ కొండ గ్రౌస్ పక్షుల వేటకోసం కాపలా పెట్టుకున్న జమీందార్లది. వారమంతా మిల్లు పొగ పీల్చినవాళ్లు ఆదివారం గాలికోసం ఎక్కితే కాపలావాళ్లు తరిమేవారు. ఆ రోజు తోపులాట జరిగింది, ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష పడింది. శిక్షలు చూసి దేశం వాళ్లవైపు తిరిగింది. 1949లో జాతీయ పార్కుల చట్టం, 1951లో ఈ పీక్ డిస్ట్రిక్ట్ మొట్టమొదటి జాతీయ పార్కు, 2000లో బీడు కొండల మీద స్వేచ్ఛగా నడిచే హక్కు ఇచ్చిన చట్టం. 2002లో డెవన్‌షైర్ డ్యూక్ ఇక్కడికే వచ్చి తన తాత చేసిన పనికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. నేను ముందురోజు ముచ్చటపడిన ఆకుపచ్చ గీతలూ, ట్రాక్టరు ఆపిన రైతూ ఊరికే రాలేదన్నమాట.

టీచరమ్మ నేర్పినవాటిలో చెప్పకుండా మిగిలింది ఒకటుంది. అక్కడ ఎవరైనా కొండ మీద చిక్కుకుంటే నిమిషానికి ఆరుసార్లు విజిల్ ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. 999కు ఫోన్ చేసి పోలీసునడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేవాళ్లు జీతగాళ్లు కారు, చుట్టుపక్కల ఊళ్లలోని ప్లంబరు, టీచరు, నర్సు. పైసా తీసుకోరు.

ఇంటికొచ్చాక చాలామంది అడిగారు, ఇది నేర్చుకోవడానికి ఇంగ్లండ్ పోవాలా అని. అక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 మ్యాపులు చాలాకాలం మామూలు మనిషికి అందేవి కావు. ఇప్పుడు వారి వెబ్‌సైటు నుంచి మన జిల్లా షీటు దించుకోవచ్చు. అడుగుపలక ఉన్న మామూలు దిక్సూచి చాలు. తెలుగునేల మీద అయస్కాంత ఉత్తరం తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, మొదట్లో పట్టించుకోనక్కర్లేదు. బాగా తెలిసిన గుట్టతో, మంచి వెలుతురులో, దారి ఉన్నచోట మొదలుపెట్టండి. దారి తెలిసినా మ్యాపు తిప్పి పట్టుకుని, వేలు కదుపుతూ, వచ్చే మలుపును ముందే చెప్పి చూడండి. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం అడవులు పులుల అభయారణ్యాలు, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టకండి. మిగతాచోట్లకు వేసవి వదిలేసి కార్తీకం నుంచి మాఘం లోపు వెళ్లండి. ఎక్కడికి పోతున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో ఒకరికి రాసిచ్చి మరీ వెళ్లండి.